ఏంజెల్ ఇల్లు ఖాళీ చేయని ప్రోగ్రాం

వెనకాల పరదా ఉండకూడదన్నారు. ఏంజెల్ పరదా తీసేసింది.

నిజానికి అది పరదా కాదు, ఆమె తల్లి రూతమ్మ కట్టి విడిచిన పాత నేత చీర. రాయపూర్‌లో రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ దాటగానే వచ్చే బస్తీలో వాళ్లది అద్దె ఇల్లు. ముందు ఒక గది, వెనక వంటగది, అంతే. ముందు గదిలో కిటికీ కింద రూతమ్మ మంచం. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక ఆవిడ లోకమంతా ఆ మంచమూ, ఆ కిటికీలోంచి కనిపించే సందూ. మంచానికి ఎదురుగోడకు ఆనించి ఏంజెల్ కంప్యూటరు. తెర పైఅంచులోనే కెమెరా ఉన్న పాతకాలపు డెస్క్‌టాప్ అది. ఏంజెల్ గోడవైపు తిరిగి కూర్చుని పనిచేస్తుంటే కెమెరాకు ముందు ఆమె, ఆమె భుజం మీదుగా మంచం మీది తల్లి కనిపించేవారు.

కరోనా ఏడాది ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు దొరికిన ఉద్యోగం. ఆసుపత్రుల ఇన్సూరెన్సు కాగితాల నకళ్లు తెర మీదికి వస్తాయి, వాటిని చూసి టైపు చేయాలి. నయా రాయపూర్‌లో ఆఫీసు ఉన్న ఒక కంపెనీ పని. కంపెనీ తన సొంత ప్రోగ్రాం ఒకటి ఆమె కంప్యూటర్లో పెట్టించింది. పనివేళల్లో అది ఉండుండి తెరనూ, కెమెరా ముందున్న మనిషినీ ఫొటో తీసి పంపుతుంది. రోగుల కాగితాలు బయటికి పోకూడదు కాబట్టి ఈ కాపలా అన్నారు. ఎవరో తెలియని రోగి గుట్టు కాపాడటానికి, పక్కనే మంచం మీదున్న రోగి గుట్టు బజార్లో పెట్టారన్నమాట. ఆ మాట ఏంజెల్ ఎవరితోనూ అనలేదు. కుర్చీ వెనక తాడు కట్టి చీర వేలాడదీసింది. తల్లి ఒళ్లు తుడిచేటప్పుడు, బట్ట మార్చేటప్పుడు అది అడ్డుగా ఉండేది.

సూపర్‌వైజర్ రఘు ఫోన్ చేశాడు. కరీంనగర్ వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం అతనిది. మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, మీకు చెప్పనీకె నాకే మంచిగనిపిస్తలేదు. కానీ వెనకాల పర్దా ఉంటే, దాని వెనక ఇంకెవరన్న కూసొని కాయితాలు చూస్తున్నరేమో అని పైవాళ్లు అడుగుతరు."

ఏంజెల్ సరేనంది. తల్లి మంచాన్ని వంటగదిలోకి మార్చింది.

రాయపూర్ ఎండాకాలం ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కిటికీ లేని ఆ వంటగదిలో, గ్యాస్ పొయ్యికి బారెడు దూరంలో రూతమ్మ ఎండలన్నీ గడిపింది. కూతుర్ని ఒక్క మాట అనలేదు. కూతురు కంపెనీనీ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అడిగితే కూడా ఏంజెల్, "ఉద్యోగం కదండీ, అందరూ పడుతున్నదే" అంటుంది. అందరూ పడుతున్నదే అన్న ఆ మాటతోనే మనదేశంలో ఎన్నో అన్యాయాలు ఇంటిమనుషుల్లా చెలామణీ అవుతున్నాయి.

మందిర్ హసౌద్‌లో ఒక చిన్న డిస్పెన్సరీవాళ్లు రోగుల చీటీలు, మందుల వివరాలు చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. ఏంజెల్ అక్కడ చేరడానికి ఒప్పుకుని కంపెనీకి రాజీనామా ఇచ్చింది. చివరి రోజున రఘు పంపిన సూచనల్లో ప్రోగ్రాంను తీసేసే పద్ధతి కూడా ఉంది. ఆమెది లినక్స్ కంప్యూటరు. అందులో ప్రోగ్రాంలను పెట్టడానికీ తీయడానికీ ఒక మేనేజరు ఉంటుంది. ప్యాకేజీ మేనేజర్ అంటారు. చెప్పినట్టే ఏంజెల్ ఆ మేనేజరుకు కంపెనీ ప్రోగ్రాంను తీసెయ్యమని చెప్పింది. ఏ ప్యాకేజీ పోతుందో చూపించి, నిజంగానా అని మేనేజరు అడిగింది. అవునంది. క్షణంలో ప్రోగ్రాం పోయింది. మెనూలో బొమ్మ కూడా లేదు.

వెంటనే మంచం ముందు గదిలోకి తెచ్చి కిటికీ కింద వేసింది. ఈసారి చీర కట్టలేదు. ఇంక ఎందుకు?

వీళ్లు విజయనగరం వైపునుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఇంట్లో ఏ మేలు జరిగినా సంఘాన్ని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. ఉద్యోగం వచ్చినందుకు పెట్టేవాళ్లు ఎక్కువ. ఉద్యోగం వదిలినందుకు పెట్టింది ఏంజెలే అని ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. కూడికల్లో వీళ్లకు ఒక అలవాటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, పాడతారు, చదవలేరు. అందుకని ఏంజెల్ తండ్రి దేవదాసు బతికున్న రోజుల్లో తెలుగు పాటలన్నిటినీ హిందీ అక్షరాల్లో టైపు చేసి పెట్టాడు. వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, రెండు వేళ్లతో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఎవరింట్లో కూడిక జరిగినా ఆ పాటలు తెర మీద పెడతారు. పెద్దలు చూడకుండా, పిల్లలు చూసి, అందరూ కలిసి పాడతారు.

ఆ ఆదివారం సాయంత్రం గది నిండిపోయింది. తెర మీద పాట ఉంది. పాట ముగిసి, పాస్టరు స్టీఫెన్ గారు ప్రార్థనకు అందరినీ కళ్లు మూసుకోమన్నారు. ప్రార్థన అయింది. ఆమెన్ అన్న తర్వాత వచ్చే ఆ చిన్న నిశ్శబ్దంలో మంచం మీదనుంచి రూతమ్మ గొంతు వినపడింది. కళ్లు మూసుకోని ఒకే ఒక్క మనిషి ఆవిడ.

"అదేటే అమ్మీ, ఆ పచ్చ దీపం? ఉజ్జోగం మానీసినావు గదా. మరింకా ఆడు సూస్తన్నాడేటి?"

తెర పైన, కెమెరా పక్కన, ఆవగింజంత ఆకుపచ్చ వెలుగు. కెమెరా నడుస్తున్నప్పుడు మాత్రమే వెలిగేది. అందరూ చూస్తుండగానే ఆరిపోయింది.

స్టీఫెన్ గారు వాతావరణం తేలిక చేద్దామనుకున్నారు. "దేవుడు అన్నీ చూస్తాడని మేం చెబుతుంటాం. మీ కంపెనీ కూడా అదే చెబుతోందా, ఏంజెల్?" అన్నారు. నవ్వారు. ఏంజెల్ నవ్వలేదు. కంప్యూటరు ప్లగ్గు పీకేసింది. మిగతా పాటలు నోటికి వచ్చినంతవరకే పాడుకున్నారు.

ఆ పొద్దున్నే అదే తెర ముందు, పాటలు సరిచూసుకుంటూ, కంప్యూటరు ఆన్ చేసి ఉండగానే, ఆమె తల్లికి ఒళ్లు తుడిచి బట్ట మార్చింది. అంతకుముందు రోజూ అంతే. అడ్డం ఏమీ లేకుండా. ఏంజెల్‌కు తర్వాత ఏం చేయాలో తోచింది ఒకటే: ఆ చూపు తన ఇంట్లోంచి పూర్తిగా పోవాలి. తీసిన ఫొటోలు ఎక్కడున్నాయో అక్కణ్ణుంచి కూడా పోవాలి.

జైస్తంభ్ చౌక్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే హేమంత్ సంఘంలోవాడే. రాయపూర్‌లోనే పుట్టి పెరిగాడు. విషయం విని కెమెరా మీద ప్లాస్టర్ ముక్క అంటించమన్నాడు. అది ఏంజెల్ అప్పటికే అంటించింది, తల్లి పుండ్లకు వాడే ప్లాస్టరే. కానీ అది కెమెరాను కప్పుతుందే తప్ప లోపలున్నదాన్ని వెళ్లగొట్టదు గదా అని ఆమె బాధ. మైకు మాటేమిటి? తెర ఫొటోల మాటేమిటి?

"అరే అక్కా, టెన్షన్ ఎందుకు," అన్నాడు హేమంత్. "సీదా ఫార్మాట్ కొట్టేద్దాం. ఝంఝట్ ఖతం, ఇంక ఏ గొడవా ఉండదు."

"నాన్న పాటలు?"

"పాటలు, ఫొటోలు, నీ సామానంతా ముందు తీసి పక్కన పెడతాను. సాఫ్ చేశాక తిరిగి పెట్టేస్తాను. ఒక్కటి పోదు."

మాట ప్రకారమే చేశాడు. ఆమె ఫోల్డర్ మొత్తాన్ని, ఒక్క ఫైలు కూడా విడవకుండా, వేరే డిస్కులోకి ఎత్తాడు. కంప్యూటరును ఖాళీ చేసి లినక్స్ కొత్తగా వేశాడు. ఆ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి మళ్లీ పెట్టాడు. ఇంటికి తెచ్చుకుని ఆన్ చేసి, ప్లాస్టర్ తీసి, ఏంజెల్ కెమెరా వైపు చూస్తూ కూర్చుంది. టీ చల్లారేలోపే ఆకుపచ్చ దీపం వెలిగింది.

హేమంత్‌కు తల కొట్టేసినట్టయింది. అతను చేతగానివాడు కాదు, నిర్లక్ష్యంగానూ చేయలేదు. దేవదాసు పాటలు పోకూడదని ఏ జాగ్రత్త పడ్డాడో, ఆ జాగ్రత్తే దొంగను మూటలో కట్టి తిరిగి ఇంటికి తెచ్చింది. ఒక్కటి కూడా పోదన్నాడు. నిజంగానే ఒక్కటి కూడా పోలేదు.

ఇక్కడ ఏంజెల్ గురించి ఒక మాట చెప్పాలి. ఆమెకు కంప్యూటర్ల గురించి టైపింగును మించి తెలియదు. తెలుసునని ఎప్పుడూ అనుకోలేదు. ఆమెకున్నది వేరే గుణం: అర్థం కానిదాన్ని అర్థమైందని తలూపి వదిలేయదు. హేమంత్ సిగ్గుపడి ఇంకోసారి ఫార్మాట్ చేస్తానంటే, వద్దు, ముందు ఎందుకు తిరిగొచ్చిందో తెలుసుకుందాం అంది. అతను ఇంటర్నెట్‌లో లినక్స్ వాడేవాళ్ల చర్చావేదికలో ప్రశ్న పెట్టాడు. ఎక్కడివాళ్లో, ముక్కూమొహం తెలియనివాళ్లు, ఓపిగ్గా జవాబులిచ్చారు. ఒకాయన చిన్న పరీక్ష చెప్పాడు: అదే కంప్యూటర్లో కొత్త పేరుతో ఇంకో ఖాతా తెరవండి. అందులోకి వెళ్లి చూడండి.

ఏంజెల్ తల్లి పేరు మీద ఖాతా తెరిచింది. రూతమ్మ ఖాతాలో ఎంతసేపు కూర్చున్నా దీపం వెలగలేదు. తన ఖాతాలోకి వెళ్లగానే వెలిగింది. అంటే దొంగ కంప్యూటర్లో లేడు; ఏంజెల్ సొంత ఫోల్డర్‌లో ఉన్నాడు.

ప్యాకేజీ మేనేజర్ పద్ధతి ఏమిటో ఆ జవాబుల్లోంచి ఆమెకు మెల్లగా తెలిసింది. నాకు ఆమె చెప్పిన తీరులోనే చెబుతాను, ఎందుకంటే అంతకన్నా బాగా చెప్పడం నాకు రాలేదు. దేవదాసు రిటైరయ్యాక రైల్వే క్వార్టరు ఖాళీ చేసిన రోజున ఆఫీసువాళ్లు వచ్చారు. ఫ్యాను ఉందా, తలుపు గొళ్లేలు ఉన్నాయా, కుళాయి ఉందా అని చూశారు. రైల్వే ఇచ్చినవేవో వాళ్లకు తెలుసు, అవి అప్పజెప్పించుకున్నారు. రూతమ్మ ట్రంకుపెట్టెలు మాత్రం తెరవలేదు. తెరవకూడదు కూడా. అది ఇంటివాళ్ల సామాను.

ప్యాకేజీ మేనేజరూ అంతే. ఒక ప్రోగ్రాం పెట్టేటప్పుడు తాను ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో గుర్తుపెట్టుకుంటుంది. తీసెయ్యమంటే వాటినే తీస్తుంది. మామూలుగా తీసెయ్యమంటే, దాన్ని రిమూవ్ అంటారు, ప్రోగ్రాంను తీసి సెట్టింగులను ఉంచుతుంది. రేపు మళ్లీ పెట్టుకుంటే మొదటినుంచి సర్దుకోనక్కర్లేదని. ఆ సెట్టింగులు కూడా వద్దనుకుంటే పర్జ్ అని గట్టిగా చెప్పాలి. ఆ ప్రోగ్రాంకు తోడుగా వచ్చి ఇప్పుడు ఎవరికీ అక్కరలేని భాగాలుంటే వాటిని సాగనంపడానికి ఇంకో మాట ఉంది, ఆటోరిమూవ్. ఏ మాట చెప్పినా ఒక గడప మాత్రం దాటదు. మనిషి సొంత ఫోల్డర్ జోలికి రాదు. అక్కడ ఉత్తరాలుంటాయి, ఫొటోలుంటాయి, దేవదాసు లాంటివాళ్లు రెండు వేళ్లతో కొట్టిన పాటలుంటాయి. ఏది చెత్తో ఏది ప్రాణమో యంత్రానికి తెలియదు కాబట్టి, ముట్టుకోకపోవడమే మర్యాద అని దాన్ని తయారుచేసినవాళ్లు నిర్ణయించారు. నాకైతే ఆ నిర్ణయం మీద గౌరవం కలిగింది. మన ప్రభుత్వాలకు, కంపెనీలకు ఆ పాటి మర్యాద ఉంటే చాలు.

కంపెనీ ప్రోగ్రాం ఆ మర్యాదనే వాడుకుంది. మొదటిసారి నడిచినప్పుడే తన చిన్న నకలు ఒకటి ఏంజెల్ ట్రంకుపెట్టెలో దాచింది. లినక్స్‌లో పేరుకు ముందు చుక్క పెడితే ఆ ఫోల్డర్ మామూలుగా కంటికి కనిపించదు. అలాంటి ఫోల్డర్‌లో కూర్చుని, ఏంజెల్ తన ఖాతాలోకి వచ్చినప్పుడల్లా తనను నిద్రలేపమని ఒక ఆజ్ఞ రాసిపెట్టుకుంది. మేనేజరు పెట్టిన ఫైలు కాదు కాబట్టి మేనేజరుకు తెలియదు. రిమూవ్ అన్నా పోదు, పర్జ్ అన్నా పోదు. ఫార్మాట్ చేస్తే పోయేదే, హేమంత్ మూట కట్టి తేకపోయి ఉంటే.

దాచినవాటిని కూడా చూపించమని అడిగితే ఆ నకలూ, ఆ ఆజ్ఞా రెండూ బయటపడ్డాయి. హేమంత్ చెరిపేయబోతుంటే ఏంజెల్ ఆపింది. ముందు రుజువు కోసం వాటి నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టమంది. తర్వాతే చెరిపారు. ఆ పూటంతా ఆమె ఖాతాలో కంప్యూటరు నడుస్తూనే ఉంది. పచ్చ దీపం మళ్లీ వెలగలేదు.

చాలామంది అక్కడితో ఊరుకునేవారు. ఏంజెల్ రఘుకు ఫోన్ చేసింది. ఉద్యోగం వదిలాక కూడా తీసిన ఫొటోలు మీ దగ్గర ఉన్నాయి, వాటిని చెరిపేయండి అంది. రఘు మొదట నమ్మలేదు. మీ ఐడీ ఎప్పుడో మూసేశాం, ఏవీ వచ్చే అవకాశం లేదన్నాడు. చూసి చెప్పమంది. అతను తిరిగి ఫోన్ చేసినప్పుడు గొంతు బాగా తగ్గిపోయి ఉంది. ఉన్నాయి. ఐడీ మూసింది మనిషి లోపలికి రాకుండా మాత్రమేనట. ఫొటోలు మాత్రం వస్తూనే ఉన్నాయి, ఎవరూ చూడని చోట కుప్ప పడుతున్నాయి.

"మేడం, ఒక్క మాట అడగాలె," అన్నాడు చివర్న. "నాది గూడ ఇంటి కంప్యూటరే. మా పిల్లలు గూడ దాని మీదనే చదువుకుంటరు. ఆ దాచిన ఫోల్డర్ ఎక్కడుంటదో జర చెప్తరా?"

పరదా తీయించిన మనిషి. ఏంజెల్ చెప్పింది, ఒక్కో మెట్టూ, అతని ఇంట్లో అది దొరికేదాకా ఫోన్ పెట్టేయకుండా. అలా ఎందుకు చేశావని నేను అడిగితే, పిల్లలన్నాడు కదండీ అంది. నేనైతే ముందు నాలుగు మాటలు అనేదాన్ని.

తర్వాత కంపెనీ పైవాళ్లు మాట్లాడారు. ఇది పొరపాటున జరిగిందని, ఏంజెల్ ఫొటోలన్నీ వెంటనే చెరిపేస్తామని, చెరిపినట్టు కాగితం కూడా ఇస్తామని. బదులుగా ఈ విషయం మిగతావాళ్లతో మాట్లాడనని ఆమె రాసివ్వాలి.

ఆమెకు కావలసింది అదే కదా. తల్లి ఫొటోలు. ఒక్క సంతకంతో పోతాయి. సంతకం పెట్టకపోతే ఎన్నాళ్లు, ఎవరి కంటపడేలా ఉంటాయో ఎవరు చెప్పగలరు? ఏంజెల్ నిర్ణయం తనొక్కతే చేయలేకపోయింది. ఆ ఫొటోల్లో ఉన్నది తాను కాదు. కాబట్టి ఉన్న మనిషినే అడిగింది. మంచం మీద కూర్చుని, దాచకుండా అంతా చెప్పింది. ఏ ఫొటోలు, ఏ పరిస్థితిలో తీసినవి, అవి కూడా.

రూతమ్మ అంతా విని, తిల్దా పిల్ల సంగతి అడిగింది. తిల్దా పిల్లంటే ప్రియదర్శిని, ఏంజెల్‌తో కలిసి అదే పని చేసి కాన్పుకు ముందు మానేసింది. ఆమె భర్త తిల్దాలో రైసు మిల్లులో లెక్కలు చూస్తాడు. కూడికలకు వచ్చినప్పుడు రూతమ్మ పక్కనే కూర్చునేది.

"ఆ పిల్లింట్లో కూడా ఇదే డబ్బా ఉంది గదేటే?"

ఉందంది ఏంజెల్.

"ఆ గదిలోనే గదా సంటిబిడ్డకి పాలిస్తాది." రూతమ్మ ఎడంచేత్తో కూతురి చెయ్యి పట్టుకుంది. "నానేటి, ముసిల్దాన్ని. నా ఒక్కదాని బొమ్మలూ తుడిపించుకుని, ఆ పిల్లకి సెప్పకుండా నోరు మూసుకుంటే, రేపు ఆ బిడ్డనెత్తుకుని వస్తే మొకం ఎలా సూడాలి? ఉండనీ, నా బొమ్మలు ఉండనీ. అందరివీ పోయిన్రోజునే నావీ పోతాయి."

ఏంజెల్ సంతకం పెట్టలేదు. మర్నాడు డిస్పెన్సరీకి సెలవు పెట్టి తిల్దా రైలెక్కింది.

ప్రియదర్శిని కంప్యూటర్లో కూడా ఆ నకలు మెలకువగానే ఉంది. కాన్పయ్యాక కంప్యూటరు ఆన్ చేసి పెట్టి, మరిది పాటలు వింటూ ఉండేవాడట, తాను ఆ గదిలోనే బిడ్డతో పడుకునేదట. సంగతి అర్థమయ్యాక ఆమె ఊరుకోలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకుని, కొంగు సర్దుకుని, తనకు తెలిసిన పాత సహోద్యోగులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. తెలుగువాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు ఛత్తీస్‌గఢీ ఇళ్ల ఆడవాళ్లు, బిలాస్‌పూర్ వైపువాళ్లు, దుర్గ్ వైపువాళ్లు. ఏంజెల్ వాళ్లకు ఫోన్లోనో, వీలైతే ఇంటికే వెళ్లో తీసే పద్ధతి చూపించింది. అన్నిచోట్లా ముందు నకలు తీయించింది. రాలేనివాళ్లు కంప్యూటర్లను ఆటోలో వేసి హేమంత్ దుకాణానికి పంపారు. మూట కట్టి తెచ్చిన పాపం కడుక్కుంటున్నానని హేమంత్ వాళ్లందరికీ ఊరికే చేసిపెట్టాడు.

తర్వాత అందరూ కలిసి కంపెనీకి ఒకే విన్నపం పంపారు. అందరి ఫొటోలూ చెరపాలి. ప్రోగ్రాం తీసేస్తే దాని నకలు కూడా పోయేలా మార్చాలి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పాలి. ఒక వకీలమ్మ దాన్ని చూసి, చట్టం ప్రకారం ఎక్కడికి వెళ్లగలరో కింద రెండు వాక్యాలు చేర్చింది. కంపెనీవాళ్లు ఊరుకున్నారు. ఏంజెల్ మళ్లీ రాసింది. మళ్లీ ఊరుకున్నారు. మళ్లీ రాసింది. గుమ్మం ముందు అరిచే ధైర్యం వేరు, జవాబు రాని చోటికి విసుగు లేకుండా మళ్లీ మళ్లీ రాసే ధైర్యం వేరు. రెండోది అరుదు. మన ఉద్యమాల్లో దానికి దండలు వేయరు.

చివరికి జవాబు వచ్చింది. మానేసినవాళ్లందరి ఫొటోలూ చెరిపేశామని, ప్రోగ్రాంను మార్చామని. కాగితాలు కూడా పంపారు, ఒక్కొక్కరి పేరు మీద. రఘు విడిగా ఫోన్ చేసి, ఆ కుప్ప ఖాళీ అవడం తాను కళ్లారా చూశానని చెప్పాడు. రూతమ్మ అప్పటికింకా బతికే ఉంది. కూతురు చెప్పినప్పుడు, "తిల్దా పిల్లవి కూడానా?" అని మాత్రం అడిగింది. అవునన్నాక నిద్రపోయింది.

కాగితాన్ని నమ్మే మనిషి కాదు ఏంజెల్. ప్రోగ్రాం మారిందన్నారు కదా అని హేమంత్ దుకాణంలో పనికిరాకుండా పడివున్న కంప్యూటర్లో దాన్ని పెట్టించింది, నడిపించింది, పర్జ్ అని తీయించింది. దాచిన ఫోల్డర్లన్నీ తెరిచి చూసింది. ఈసారి ప్రోగ్రాం నకలు లేదు. మనిషి పేరు, కంపెనీ ఐడీ ఉన్న చిన్న సెట్టింగు ఫైలు ఒకటి మాత్రం మిగిలింది. దానివల్ల హాని లేదన్నాడు హేమంత్. హాని లేనిదైతే ఉండటం మాత్రం ఎందుకని ఆమె కంపెనీకి ఇంకోసారి రాసింది. దానికి జవాబు నేను ఇది రాసేనాటికి రాలేదు. ఆమె మాత్రం అడుగుతూనే ఉంది.

ఇప్పుడు మీతో మాట. ఇంటినుంచి పనిచేసేవాళ్లు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటారు. వాళ్లలో ఎవరో ఒకరు ఆ పని మానేసే ఉంటారు. ఇవాళే వాళ్ల దగ్గరికి వెళ్లండి. కంపెనీ పెట్టించిన ప్రోగ్రాం తీసేశారా అని అడగండి. తీసేశామంటే సరిపెట్టుకోకండి. లినక్స్ అయితే పర్జ్ అని తీయించండి, తర్వాత సొంత ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లనూ, కంప్యూటరు తెరవగానే వాటంతటవే మొదలయ్యేవాటినీ చూడండి. వేరే కంప్యూటరైనా, ఫోనైనా పద్ధతి మారుతుంది గానీ అడగాల్సిన ప్రశ్న అదే: నువ్వు పెట్టినవన్నీ తీశావా, నా ఇంట్లో ఏమైనా దాచావా? మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. చెరిపే ముందు నకలు తీసి పెట్టుకోండి. కొత్త ఉద్యోగంలో చేరేవాళ్లయితే, పని మానేసిన రోజున ఈ ప్రోగ్రాం ఎలా పోతుందో, తీసిన ఫొటోలు ఎప్పుడు చెరుపుతారో ముందే రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వము అంటే, ఎందుకివ్వరో అడగండి. మీ ఒక్కరికే ఇస్తామంటే పుచ్చుకోకండి. మీతోపాటు పనిచేసినవాళ్లకు ఫోన్ చేయండి.